స్టిరాయిడ్‌కు ముందే కాంట్రాస్ట్: ఒక బాలింతలో మల్టిపుల్ స్క్లెరోసిస్ నిర్ధారణ

ఈ కేసును రోగి అనుమతితో, ఆమెను గుర్తుపట్టే వీలున్న వివరాలను వదిలిపెట్టి రాస్తున్నాను. మల్టిపుల్ స్క్లెరోసిస్ అంటే శరీర రోగనిరోధక వ్యవస్థే మెదడు, వెన్నుపాము తంతువుల మీది మైలిన్ అనే పొరను దెబ్బతీసే జబ్బు. కాంట్రాస్ట్ అంటే స్కాన్‌లో కొన్ని చోట్లు మెరిసేలా సిరలోకి ఎక్కించే మందు.

ఆమె వయసు 27 ఏళ్లు. ఊరు పల్నాడు జిల్లాలో ఉంది. తొలికాన్పు కావడంతో పుట్టింట్లోనే ఉన్నారు. ప్రసవమై 11 వారాలు గడిచాక అరికాళ్లలో తిమ్మిరి మొదలైంది. నాలుగు రోజుల్లో అది మోకాళ్లు, తొడలు దాటి నడుము దాకా పాకింది. ఐదో రోజుకు పొట్ట చుట్టూ తాడు బిగించి కట్టినట్టు అనిపించసాగింది. గోడ పట్టుకుంటే తప్ప నడవలేని స్థితి వచ్చింది. మా దగ్గరకు వచ్చినప్పుడు వివరాలన్నీ ఎక్కువగా తల్లే చెప్పారు. కూతురు బిడ్డకు పాలిచ్చేటప్పుడు ఉన్నట్టుండి ఉలిక్కిపడుతోందని ఆమె మాటల మధ్య అన్నారు. ఎందుకని రోగినే అడిగితే, బిడ్డ వైపు తల వంచిన ప్రతిసారీ మెడ దగ్గర మొదలై వెన్ను మీదుగా కాళ్లలోకి కరెంటు షాక్ కొట్టినట్టు అవుతోందని చెప్పారు. దీన్ని లెర్మిట్ లక్షణం అంటాము. మెడ భాగంలో వెన్నుపాము వెనుకవైపు తంతువుల మీది మైలిన్ తొడుగు దెబ్బతిన్నప్పుడు, మెడ వంగగానే ఆ తంతువులు సాగి ఇలాంటి ప్రేరణలను పుట్టిస్తాయి. తల్లి ఆ మాట అనకపోతే మేము మెడ భాగాన్ని అంత శ్రద్ధగా చూసేవాళ్లం కాదేమోనని ఇప్పటికీ అనిపిస్తుంది.

గతంలో ఎప్పుడైనా చూపు మసకబారిందా అని అడిగినప్పుడు మరొక విషయం తెలిసింది. సుమారు రెండేళ్ల క్రితం, పెళ్లయిన కొత్తలో, ఎడమ కన్ను మూడు వారాల పాటు మసకగా ఉందని, కన్ను తిప్పితే లోపల నొప్పి వచ్చేదని, అద్దంలో ఆ కంటితో చూసుకుంటే కుంకుమ బొట్టు వెలిసిపోయినట్టు కనిపించేదని ఆమె చెప్పారు. అప్పట్లో కంటి చుక్కలు, కళ్లజోడు ఇచ్చి పంపారు. చూపు దానంతట అదే బాగుపడింది. ఆ చీటీలు ఏవీ మిగలలేదు. ఎరుపు రంగు వెలిసిపోవడం, కన్ను కదిపితే నొప్పి రావడం కంటి నాడి వాపుకు బలమైన సూచనలే. కానీ ఆనాడు ఎవరూ పరీక్షించి రాసిపెట్టకపోతే అది రోగి జ్ఞాపకంగానే మిగులుతుంది; జీవితాంతం మందులు వాడవలసిన జబ్బును నిర్ధారించడానికి జ్ఞాపకం ఒక్కటే ఆధారంగా తీసుకోవడానికి మనసు ఒప్పదు.

పరీక్షలో రెండు కాళ్లలోనూ బలం కొద్దిగా తగ్గి ఉంది. మోకాలి ప్రతిచర్యలు ఉధృతంగా ఉన్నాయి. అరికాలు గీస్తే రెండు వైపులా బొటనవేలు పైకి లేచింది. ట్యూనింగ్ ఫోర్క్ ప్రకంపన మోకాళ్ల కింద తెలియడం లేదు. బొడ్డు కింది భాగమంతా స్పర్శ మందగించింది. మూత్రం మీద అదుపు బాగానే ఉంది. కంటి లోపలి పరీక్షలో రెండు కళ్ల మధ్య చెప్పుకోదగిన తేడా కనిపించలేదు.

మా దగ్గరకు రాకముందే ఒక చోట మెదడుకు ఎంఆర్ఐ తీశారు, కాంట్రాస్ట్ లేకుండా. బాలింతకు నాడీ సంబంధమైన లక్షణం ఏది వచ్చినా, మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టిందేమోనని మన దేశంలో వైద్యులు ముందుగా చూస్తారు. ఆ జాగ్రత్త సరైనదే. సిరలు బాగున్నాయి. కానీ మెదడు తెల్లని పదార్థంలో పలుచోట్ల తెల్ల మచ్చలు కనిపించాయి. డీమైలినేషన్ (మైలిన్ ఊడిపోవడం) కావచ్చు, వాస్కులైటిస్ (రక్తనాళాల వాపు) కావచ్చు, ఇన్ఫెక్షన్ వల్ల ఏర్పడిన గ్రాన్యులోమాలు (చిన్న గడ్డలు) కావచ్చు అని రిపోర్టులో మూడు అవకాశాలూ రాశారు. ఆ సాయంత్రమే మిథైల్ ప్రెడ్నిసొలోన్ అనే స్టిరాయిడ్ ఎక్కించడం మొదలుపెట్టాలని అక్కడి వైద్యులు అనుకున్నారు. రోగిని మాకు పంపే ముందు ఫోన్ చేసినప్పుడు, ఉదయం కాంట్రాస్ట్‌తో స్కాన్ తీసే వరకు ఆ మందు ఆపమని కోరాను. ఆమె పట్టుకుని నడవగలుగుతున్నారు, మూత్రం సాఫీగా వస్తోంది, చూపుకు ప్రమాదం లేదు. ఒక రాత్రి ఆగినంత మాత్రాన ఆమెకు జరిగే నష్టం ఏమీ లేదు. కాళ్లు పూర్తిగా పడిపోయి ఉన్నా, మూత్రం బంధించి ఉన్నా ఆ మాట అనేవాణ్ని కాదు. అప్పుడు చికిత్సే ముందు.

ఆ ఒక్క రాత్రి కోసం ఎందుకంత పట్టుబట్టానో చెప్పాలంటే ముందు కాంట్రాస్ట్ మందు పనితీరును వివరించాలి.

జనం దీన్ని డై అనీ, రంగు మందు అనీ అంటారు. నిజానికి సిరంజిలో అది నీళ్లలా స్వచ్ఛంగా ఉంటుంది. మెదడుకు రంగు పూయదు. అందులో ఉండేది గాడోలినియం అనే లోహం, పరమాణు సంఖ్య 64. దాని అయాన్‌లో జతకూడని ఎలక్ట్రాన్లు ఏడు ఉంటాయి కనుక అది బలమైన అయస్కాంత స్వభావం చూపిస్తుంది. తన పక్కన ఉన్న నీటి అణువుల్లోని ప్రోటాన్లు స్కానర్ ఇచ్చిన శక్తిని వదిలి యథాస్థితికి వచ్చే సమయాన్ని అది తగ్గిస్తుంది. ఫలితంగా టీ1 అనే రకం ఎంఆర్ఐ చిత్రాల్లో గాడోలినియం చేరిన చోటు తెల్లగా మెరుస్తుంది. గాడోలినియం ఒంటరిగా శరీరంలోకి వెళితే విషం. అందుకే దాన్ని ఒక పెద్ద సేంద్రియ అణువులో బంధించి ఇస్తారు. ఆరోగ్యవంతుల మెదడు రక్తనాళాల గోడల్లో కణాలు ఒకదానికొకటి సందు లేకుండా అతుక్కుని ఉంటాయి కాబట్టి ఆ అణువు రక్తంలో నుంచి మెదడులోకి జారలేదు. మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో కొత్తగా మచ్చ ఏర్పడే చోట, చిన్న సిర చుట్టూ లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాలు గుమిగూడి ఆ గోడను దాటుతాయి. గోడ సడలుతుంది, గాడోలినియం బయటికి కారుతుంది, ఆ చోటు వెలుగుతుంది.

ఆ తలుపు తెరుచుకుని ఉండేది కొద్దికాలమే. రెండు నుంచి ఎనిమిది వారాలలోపు, చాలా మచ్చల్లో సుమారు మూడు వారాలకే, అది మూసుకుపోతుంది. టీ2 అనే మరో రకం చిత్రంలోని తెల్ల మచ్చ మాత్రం ఏళ్ల తరబడి ఉండిపోతుంది. టీ2 మచ్చకు తేదీ ఉండదు. నిన్నటిదీ నాలుగేళ్ల కిందటిదీ పక్కపక్కనే ఒకేలా కనిపిస్తాయి. కాంట్రాస్ట్ ఇచ్చినప్పుడు కొన్ని వెలిగి, కొన్ని వెలగకపోతే, అవి వేర్వేరు కాలాల్లో పుట్టాయని ఒకే స్కాన్‌లో తెలిసిపోతుంది. స్టిరాయిడ్ చేసే పని సరిగ్గా ఆ తలుపును మూయడమే. అది రోగికి మేలు. కానీ చికిత్స మొదలైన ఒకటి రెండు రోజులకు తీసిన స్కాన్‌లో మెరవవలసిన మచ్చ మెరవకపోవచ్చు.

ఇది నేను పుస్తకంలో చదివి మాత్రమే నేర్చుకున్న విషయం కాదు. కొన్నేళ్ల క్రితం ఒక యువకుడు వస్తువులు రెండుగా కనిపిస్తున్నాయని వచ్చాడు. శుక్రవారం సాయంత్రం స్టిరాయిడ్ మొదలుపెట్టించి, స్కాన్‌ను సోమవారానికి పెట్టాను. మచ్చలు ఉన్నాయి, ఒక్కటీ వెలగలేదు. నడుము నీటి (వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవం) పరీక్షకు కుటుంబం ఒప్పుకోలేదు. కాలంలో వ్యాప్తి, అంటే జబ్బు వేర్వేరు కాలాల్లో దాడి చేసిందన్నది, రుజువు కాలేదని వేచి చూశాము. ఎనిమిది నెలల తరువాత రెండో దాడి వచ్చింది. అతని కుడి కాలు పూర్తిగా కోలుకోలేదు. శుక్రవారమే స్కాన్ తీసి ఉంటే ఆ ఎనిమిది నెలలూ మందు మీద ఉండేవాడని కచ్చితంగా చెప్పలేను, కానీ ఆ అవకాశాన్ని పోగొట్టింది నా నిర్ణయమే. అప్పటి నుంచి ప్రాణానికి, చూపుకు, మూత్రకోశానికి ముప్పు లేనంత వరకు స్కాన్ తరువాతే స్టిరాయిడ్ అన్న నియమాన్ని తప్పలేదు.

ఉదయం స్కాన్‌కు అంతా సిద్ధమయ్యాక రోగి తల్లి నన్ను ఆపారు. "డాక్టరు గారూ, మా అన్నయ్యకు సీటీలో డై ఎక్కించాక కిడ్నీలు పాడయ్యాయి. ఇప్పుడు అమ్మాయికి ఎక్కిస్తే పిల్లాడికి పాలు ఇవ్వొచ్చా? పాలల్లోకి విషం దిగదా?" అని అడిగారు. ఆ భయం అర్థం లేనిది కాదు, జవాబు చెప్పదగినదే. సీటీలో వాడేది అయోడిన్ మందు, ఇది వేరు. గాడోలినియం మూత్రపిండాల ద్వారా బయటికి పోతుంది కాబట్టి అవి తీవ్రంగా దెబ్బతిన్నవారికి, ముఖ్యంగా వడపోత రేటు 30 కంటే తక్కువ ఉన్నవారికి, ఎంతో జాగ్రత్త అవసరం. అలాంటి రోగుల్లో చర్మం, కీళ్లు గట్టిపడిపోయే నెఫ్రోజెనిక్ సిస్టమిక్ ఫైబ్రోసిస్ అనే జబ్బుకూ ఈ మందుకూ సంబంధం ఉందని 2006లో బయటపడింది. మా రోగి మూత్రపిండాలు బాగున్నాయి, క్రియాటినిన్ 0.6 మాత్రమే. పాల విషయానికి వస్తే, 24 గంటల్లో తల్లి పాలలోకి చేరేది ఇచ్చిన మోతాదులో 0.04 శాతం కంటే తక్కువ. బిడ్డ పేగుల నుంచి రక్తంలోకి వెళ్లేది అందులోనూ 1 శాతం లోపే. పాలు ఆపవలసిన అవసరం లేదని అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ సూచిస్తుంది. ఇదంతా చెప్పాక, మనసు కుదుటపడటానికి ఒక రోజు పాలు పిండి పారబోయాలనిపిస్తే అలా చేసినా తప్పులేదని, ముందుగా తీసి ఉంచుకోవచ్చని కూడా చెప్పాను. ఆమె కూతురి వైపు చూశారు. కూతురు పాలు ఆపనని అన్నారు. గర్భిణి అయి ఉంటే నా సమాధానం వేరుగా ఉండేది. ఈ మందు మావిని దాటి బిడ్డను చేరుతుంది కనుక గర్భంతో ఉన్నప్పుడు తప్పనిసరైతే తప్ప వాడము.

ఆమె బరువు 52 కిలోలు. ప్రామాణిక మోతాదు కిలోకు 0.1 మిల్లీమోల్. మేము వాడిన గాడోలినియం మందు గాడోటెరేట్ మిల్లీలీటరుకు 0.5 మిల్లీమోల్ గాఢతలో వస్తుంది. ఆ లెక్కన 10.4 మిల్లీలీటర్లు ఇచ్చాము. ముందుగా కాంట్రాస్ట్ లేని టీ1 తీశారు, ఎందుకంటే సహజంగానే తెల్లగా ఉన్నదాన్ని మెరుపుగా పొరబడకూడదు. ఇంజెక్షన్ ఇచ్చిన వెంటనే టీ1కు వెళ్లకుండా మా రేడియాలజిస్టు మధ్యలో టీ2, ఫ్లెయిర్ అనే ఇతర రకాల చిత్రాలు తీయించి, పది నిమిషాల తరువాత కాంట్రాస్ట్ టీ1 తీయించారు. మందు సడలిన గోడ గుండా కారి పోగుపడటానికి కనీసం ఐదు నిమిషాలైనా కావాలి. రద్దీ ఎక్కువగా ఉన్న కేంద్రాల్లో ఇంజెక్షన్ ఇచ్చిన నిమిషంలోపే చిత్రాలు తీసి ముగించడం చూస్తుంటాము. అలా తీసిన స్కాన్‌లో మెరుపు లేదని రాస్తే ఆ మాటకు విలువ తక్కువ. క్రమాన్ని ఇలా మార్చుకుంటే అదనంగా ఒక్క నిమిషం కూడా వృథా కాదు. అదే ఇంజెక్షన్‌తో మెడ, వీపు భాగాల వెన్నుపామునూ చిత్రించారు. మందు రెండోసారి ఇవ్వలేదు.

మెదడులో 12 మచ్చలు లెక్కకు వచ్చాయి. ఆరు జఠరికల (మెదడు లోపలి ద్రవపు గదుల) అంచున, వాటికి లంబంగా వేళ్లలా నిలిచి ఉన్నాయి. వీటినే 1916లో వర్ణించిన ఎడిన్‌బరో పాథాలజిస్టు పేరు మీద డాసన్ వేళ్లు అంటారు. మూడు మెదడు పైపొర అయిన కార్టెక్స్‌ను ఆనుకుని ఉన్నాయి. మిగతా మూడు లోతైన తెల్లని పదార్థంలో ఉన్నాయి. వెన్నుపాములో మూడో మెడ వెన్నుపూస స్థాయిలో, ఒక పూస పొడవు కూడా లేని మచ్చ ఒకటి, వెనుక పక్కన ఉంది. లెర్మిట్ లక్షణానికి కారణం అదే. కాంట్రాస్ట్ తరువాత మూడు చోట్ల మెరుపు వచ్చింది. వెన్నుపాము మచ్చ వెలిగింది. కుడి జఠరిక అంచున 5 మిల్లీమీటర్ల మచ్చ నిండుగా వెలిగింది. ఎడమ ముందు భాగంలో కార్టెక్స్‌ను ఆనుకుని ఉన్న 14 మిల్లీమీటర్ల మచ్చ మాత్రం ఉంగరంలా వెలిగింది. మెదడులోని మిగతా పది మచ్చలూ చల్లగా ఉండిపోయాయి.

ఆ ఉంగరం దగ్గరే చర్చ ఆగింది. మన ప్రాంతంలో మెదడులో ఉంగరంలా మెరిసే మచ్చ అనగానే టీబీ గడ్డ, నాడీ సిస్టిసెర్కోసిస్ (మెదడులో పురుగు తిత్తులు) గుర్తుకు రావడం సహజం. రోజూ వాటినే చూసే కళ్లకు మూడోది స్ఫురించదు. ఒక జూనియర్ సహచరుడు టీబీ మందులు మొదలుపెడదామనే అన్నాడు. కానీ ఈ ఉంగరం పూర్తిగా మూసుకుని లేదు. కార్టెక్స్ వైపు చంద్రవంకలా తెరిచి ఉంది. గడ్డలూ చీముపుండ్లూ సాధారణంగా చుట్టూ మూసిన ఉంగరాన్ని చూపిస్తాయి. మైలిన్ ఊడిపోయే మచ్చ అంచున, తెల్లని పదార్థంలోకి విస్తరిస్తున్న వైపు మంట ఎక్కువ, బూడిదరంగు పదార్థం వైపు తక్కువ; అందుకే ఆ వైపు ఉంగరం తెగుతుంది. చుట్టూ నీరు చేరిన వాపు చాలా తక్కువ, పక్క భాగాలను నెట్టడం లేదు, లోపల సిస్టిసెర్కస్ పురుగు తల లాంటి చుక్క లేదు. ఇవన్నీ కలిపి చూస్తే డీమైలినేషన్ వైపే మొగ్గు ఉంది. స్టిరాయిడ్ ముందే ఇచ్చి ఉంటే ఈ తెరిచిన ఉంగరం కనిపించకపోయే ప్రమాదం ఉండేది. టీబీ గడ్డ చుట్టూ వాపు కూడా స్టిరాయిడ్‌తో తగ్గుతుంది కనుక, రోగికి నయమైందన్న మాట ఏ నిర్ధారణకూ సాక్ష్యంగా నిలబడేది కాదు.

ఈ రూపం ఎంత నమ్మదగినదైనా, టీబీ ఇంతగా ఉన్న చోట చిత్రం ఒక్కదాని మీదే ఆధారపడలేదు. నడుము నీటిలో 8 లింఫోసైట్లు ఉన్నాయి, ప్రోటీన్ 46, గ్లూకోజ్ మామూలుగానే ఉంది. టీబీ జన్యు పరీక్ష నెగటివ్. నాడీవ్యవస్థలోనే యాంటీబాడీలు తయారవుతున్నాయని చూపే ఆలిగోక్లోనల్ బ్యాండ్లు నడుము నీటిలో ఉండి రక్తంలో లేవు. ఛాతీ ఎక్స్‌రేలో ఏమీ లేదు. కన్ను, వెన్నుపాము రెండూ దెబ్బతిన్న భారతీయ మహిళలో ఆ రెంటినీ దెబ్బతీసే న్యూరోమైలైటిస్ ఆప్టికా అనే వేరే జబ్బును తోసిపుచ్చకుండా ముందుకు వెళ్లకూడదు. మల్టిపుల్ స్క్లెరోసిస్‌కు వాడే బీటా ఇంటర్‌ఫెరాన్, ఫింగోలిమాడ్ వంటి మందులు ఆ జబ్బును ఇంకా రెచ్చగొడతాయి. ఆ జబ్బునూ దాన్ని పోలినదాన్నీ పట్టిచ్చే అక్వాపోరిన్-4, ఎంఓజీ యాంటీబాడీలు రెండూ నెగటివ్. దృష్టి నాడి ప్రేరణ పరీక్షలో కుడి కన్ను 102 మిల్లీసెకన్లకు, ఎడమ కన్ను 131 మిల్లీసెకన్లకు స్పందించాయి, అంటే ఎడమ వైపు ఆలస్యం. రెండేళ్ల నాటి కుంకుమ బొట్టు జ్ఞాపకానికి అలా ఒక కొలత దొరికింది.

మల్టిపుల్ స్క్లెరోసిస్ నిర్ధారణకు అప్పటికి అమలులో ఉన్నవి 2017 మెక్‌డొనాల్డ్ ప్రమాణాలు. జఠరికల అంచు, కార్టెక్స్ అంచు, మెదడు కింది భాగం, వెన్నుపాము అనే నాలుగు చోట్లలో కనీసం రెండింట మచ్చలుంటే స్థలంలో వ్యాప్తి ఉన్నట్టు. ఈమెకు మూడింట ఉన్నాయి. మెరిసే మచ్చలూ మెరవనివీ ఒకే సమయంలో ఉంటే కాలంలో వ్యాప్తి ఉన్నట్టు. ఆలిగోక్లోనల్ బ్యాండ్లు ఆ రెండోదానికి ప్రత్యామ్నాయంగా పనికివస్తాయి, కానీ ఆ ఫలితం మా చేతికి వచ్చింది తొమ్మిది రోజుల తరువాత. స్కాన్ అదే ఉదయం చెప్పింది. తరువాత వచ్చిన 2024 సవరణ కంటి నాడిని ఐదో స్థానంగా చేర్చింది. ఐదింటిలో నాలుగు చోట్ల జబ్బు ఉంటే కాలంలో వ్యాప్తిని విడిగా రుజువు చేయనక్కరలేదని కూడా అంటుంది. ఆ లెక్కన ఈమెకు కాంట్రాస్ట్ లేకుండానే నిర్ధారణ చేయవచ్చు కదా అని ఒక సమావేశంలో నన్ను అడిగారు. నేను ఒప్పుకోను. ప్రమాణాలు వర్తించేది ఇతర జబ్బులను తోసిపుచ్చిన తరువాతే. టీబీ మందులా, రోగనిరోధక శక్తిని అణిచే మందులా అన్న ప్రశ్న ఎదురైనప్పుడు, ఆ తెరిచిన ఉంగరం ఇచ్చిన సమాచారం మచ్చల లెక్కకు అందేది కాదు.

ప్రసవం తరువాత మొదటి మూడు నెలల్లో దాడులు పెరగడం తెలిసిన విషయమే. 1998లో ప్రచురితమైన, యూరప్‌లోని 12 దేశాల్లో 254 మంది మహిళలను పరిశీలించిన అధ్యయనం దాన్ని స్పష్టంగా చూపించింది. అయితే అందరూ బాలింత నీరసం అనుకునే రోజుల్లోనే ఇది వస్తుంది కాబట్టి తప్పిపోవడం తేలిక.

స్కాన్ ముగిసిన రెండు గంటల్లో మిథైల్ ప్రెడ్నిసొలోన్ మొదలుపెట్టి రోజుకు ఒక గ్రాము చొప్పున ఐదు రోజులు ఇచ్చాము. ప్రతి డోసు తరువాత మూడు నాలుగు గంటలు ఆగి పాలివ్వమన్నాము. మూడో వారానికి ఆమె ఆసరా లేకుండా నడిచారు. హెపటైటిస్-బి, గుప్త టీబీ పరీక్షల తరువాత రోగనిరోధక శక్తిని అణిచే రిటుక్సిమాబ్ మొదలైంది.

మూడు నెలలకు తీసిన స్కాన్‌లో మళ్లీ కాంట్రాస్ట్ ఇచ్చాము. దానికి కారణం ఒక్కటే, ఆ ఉంగరం. డీమైలినేషన్ మచ్చ మూడు నెలలు దాటి మెరుస్తూ ఉంటే నిర్ధారణనే అనుమానించాలి. అది పూర్తిగా ఆరిపోయి, 6 మిల్లీమీటర్ల టీ2 మచ్చగా కుంచించుకుపోయింది. టీబీ మందు ఒక్క మాత్ర కూడా వాడకుండానే. ఆ రోజుతో నా మనసులో మిగిలిన కాస్త సందేహం కూడా తీరింది.

ఏడాది తరువాత స్కాన్‌కు వచ్చినప్పుడు, ఈసారి ఆ ఇంజెక్షన్ లేదా అని తల్లే అడిగారు. అక్కరలేదని చెప్పాను. కొత్త మచ్చ ఏర్పడిందా లేదా అన్నది, పాత స్కాన్ పక్కన పెట్టి అదే కోణంలో తీసిన పలుచని ఫ్లెయిర్ చిత్రాలతోనే తెలుస్తుంది. 2014లో జపాన్ పరిశోధకులు, ఎన్నోసార్లు గాడోలినియం తీసుకున్నవారి మెదడులో డెంటేట్ న్యూక్లియస్, గ్లోబస్ పాలిడస్ అనే భాగాల్లో దాని జాడ మిగులుతున్నట్టు చూపించారు. దానివల్ల హాని జరుగుతుందని రుజువు కాకపోయినా, అణువు పట్టు సడలుగా ఉండే లీనియర్ రకాల్లో కొన్నింటి వాడకాన్ని యూరప్ ఔషధ సంస్థ 2017లో నిలిపివేయించింది. మేము వాడినది పట్టు గట్టిగా ఉండే మాక్రోసైక్లిక్ రకం. అయినా 27 ఏళ్ల మనిషికి ముందు ఇంకా ఎన్నో స్కాన్లు ఉన్నాయి. అవసరం లేని చోట ఒక్క డోసైనా ఇవ్వడం సబబు కాదు. ఆ స్కాన్‌లో కొత్త మచ్చ ఒక్కటీ లేదు.

ఆమె తండ్రి ఒక నోటుబుక్కు పెట్టారు. ఏ తేదీన ఏ స్కాన్ తీశారు, కాంట్రాస్ట్ ఇచ్చారా, ఇస్తే ఏ పేరు మందు, ఎన్ని మిల్లీలీటర్లు, స్టిరాయిడ్ ఏ రోజు మొదలైంది అన్నవన్నీ అందులో రాస్తున్నారు. మొదటి పేజీలో, రెండేళ్ల కిందటి కన్ను సంగతి కూడా గుర్తున్నంత వరకు రాసి పెట్టారు. పక్కన 131 అని కూడా రాశారు.